తాక్సిన్ షినవత్రను గూర్చి

థాయిలాండు రాజకీయములను గూర్చి చదివినప్పుడెల్ల నా మనస్సు తాక్సిన్ షినవత్ర చరిత్రయొద్ద నిలిచిపోవుచుండును. చియాంగ్ మై ప్రాంతమున జన్మించి, పోలీసు ఉద్యోగము చేయుచునే ఆ శాఖకు కంప్యూటర్లు అద్దెకిచ్చి, పిమ్మట సెల్‌ఫోను వ్యాపారమున అపారధనము గడించిన ఈతడు, 1998లో థాయ్ రక్ థాయ్ పక్షమును స్థాపించి, 2001లో ప్రధానమంత్రి యయ్యెను.

కొనువాని అక్కఱ నెఱిగిన వర్తకుడు గనుకనే కాబోలు, పల్లెవాసి బాధ యెచ్చట నున్నదో ఈతడు చక్కగా గుర్తించెను. ఈతడు తెచ్చిన వైద్య పథకమున చేతిలో ఆరోగ్యపు కార్డు, ఆసుపత్రి కిటికీకడ చెల్లించు 30 బాత్‌లు, అంతే. శస్త్రచికిత్స సైతము జరిగిపోయెడిది. వైద్యమునకై పొలము తాకట్టుపెట్టు కుటుంబములను ఎఱిగిన మనకు ఆ ఊరట యెట్టిదో వేఱుగ చెప్పనక్కఱలేదు. 2006 సెప్టెంబరు 19న ఆయనను పదభ్రష్టుని గావించిన సైనికులు సైతము ఆ పథకము నెత్తివేయక, రుసుమునే తొలగించి కొనసాగించిరి.

అయినను 2003లో మాదకద్రవ్యములపై సాగించిన పోరున రెండువేలమందికి పైగా హతులగుట నేను క్షమింపజాలను.

2006 జనవరిలో తాక్సిన్ కుటుంబము తన షిన్ సంస్థ వాటాలను సుమారు 7,300 కోట్ల బాత్‌లకు సింగపూరు ప్రభుత్వపు పెట్టుబడి సంస్థయగు తెమాసెక్‌కు పన్నులేకుండ విక్రయించుటతో బాంకాకు వీథులు ఆగ్రహముతో నిండెను. పదవి చేపట్టునాడు ఆస్తిని బిడ్డల పేరిట, బంధువుల పేరిట వ్రాసియుంచుట చాలదు. తాక్సిన్ ఆనాడే ఆ వ్యాపారముతో తన కుటుంబపు సంబంధమును పూర్తిగా తెంచవలసి యుండెనని నా నిశ్చితాభిప్రాయము.