ఎండలో చల్లగాలి వేట

చెన్నై నుంచి బెంగళూరు రహదారిపై వెళ్తుంటే శ్రీపెరుంబుదూరుకు ముందే ఇరుంగాట్టుకోట్టై వస్తుంది. ఒకప్పుడు షోలవరంలోని పాత యుద్ధకాలపు రన్‌వేపై సాగిన మద్రాసు రేసులకు 1990లో ఇక్కడ సొంత ట్రాక్ ఏర్పడింది. 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. వేసవి మధ్యాహ్నం తారు సెగలు కక్కుతుంది. అప్పుడు ప్రతి కారుకూ ఎండ కూడా ప్రత్యర్థే.

గాలి 10 డిగ్రీలు వేడెక్కితే సాంద్రత సుమారు 3 శాతం పడిపోతుంది. ఇంజన్‌కు ఆక్సిజన్ తగ్గుతుంది, దాంతోపాటే శక్తీ తగ్గుతుంది. అందుకే ఫిల్టర్‌ను బానెట్ కింది వేడికి దూరంగా, బయటి గాలి నేరుగా తగిలేచోట అమర్చి, మధ్యలో వేడిని ఆపే రేకు బిగిస్తారు. ఆ రేకు లేకుండా ఖరీదైన ఫిల్టర్ పెట్టినా పెరిగేది ఎక్కువగా చప్పుడే.

చల్లగాలి కోసం కొందరు పైపును బంపర్ దాకా దించుతారు. ట్రాక్‌పై అది లాభమే. అదే కారు ఈశాన్య రుతుపవనాల వేళ చెన్నై వీధుల్లోకి వస్తే కథ మారుతుంది. నీరు గాలిలా కుదించుకుపోదు. రోడ్డుపై నిలిచిన వాననీటిని ఇంజన్ పీల్చిందంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. నాలుగు గుర్రాల బలం కోసం ఇంజన్‌నే పణంగా పెట్టడం ఇది. అక్టోబరు రాకముందే పైపును పైకెత్తించడం మేలు.