ఆకాశానికి అన్వయం

పద్యం చెప్పేటప్పుడు మేము, తెలుగు మేష్టర్లం, ముందు సంధులు విడదీస్తాం; తరువాత ప్రతిపదార్థం చెబుతాం; ఆపైన అన్వయం కుదురుస్తాం. అన్వయం కుదరనంతవరకూ, ప్రతి పదానికీ అర్థం తెలిసినా పద్యం తెలిసినట్టు కాదు. ఈ సూత్రం విమానాలకు కూడా వర్తిస్తుందని నాకు ఇటీవలే బోధపడింది.

మా అన్నయ్య కూతురు విమానం నడపడం నేర్చుకుంటున్నది. సెస్నా 172 అనే నాలుగు సీట్ల చిన్న విమానం. వెనుకటి విమానాల్లో ముల్లు తిరిగే గుండ్రటి మీటర్లు బారులు తీరి ఉండేవి. ఇందులో వాటి బదులు గార్మిన్ జీ1000 అనే గాజు తెరలున్నాయి. సెలవులకు వచ్చి, కంప్యూటరులో ఆ తెరనే పెట్టుకుని పిల్ల సాధన చేస్తుంటే, మా వదిన నన్ను వంటింటి గుమ్మం దగ్గర ఆపింది.

"ఏమయ్యా, పదిమందికి చదువు చెప్పేవాడివి గదా! ఆ బొమ్మను నమ్ముకుని ఎగిరితే పిల్ల క్షేమంగా దిగుతుందంటావా?"

"ఓ, దిగుతుంది" అనడం ఎంతసేపు? కాని కన్నతల్లికి అంత చౌకబారు జవాబు చెప్పడం న్యాయం కాదు. అమ్మాయి పక్కన కుర్చీ వేసుకుని నేనే విద్యార్థినయ్యాను.

తెరలో పై సగం నీలం, అది ఆకాశం. కింది సగం మట్టిరంగు, అది నేల. రెండూ కలిసేచోటు దిక్చక్రం. ఎడమపక్క పట్టీ వేగం చెబుతుంది, కుడిపక్క పట్టీ ఎత్తు చెబుతుంది. దానిని ఆనుకుని, నిమిషానికి ఎన్ని అడుగులు ఎక్కుతున్నామో దిగుతున్నామో చూపే కొలత. అడుగున దిక్సూచి. వేగం నాట్లలో ఉంటుంది. ఒక నాటు అంటే గంటకు 1.852 కిలోమీటర్లు. (మా అమ్మకు నాట్లంటే వరినాట్లే!) ఈ విమానానికి 129 నాట్ల వరకు పచ్చరంగు, అక్కడినుంచి పసుపు, అంటే గాలి నిలకడగా ఉంటేనే వెళ్లవచ్చు, 163 దగ్గర ఎరుపు, అది దాటరాదు. వేగం మారుతున్నప్పుడు పట్టీ పక్కన సన్నని గులాబీరంగు గీత పుడుతుంది. ఇదే తీరున సాగితే ఆరు సెకన్ల తరువాత వేగం ఎంతో అది చెబుతుంది.

"కళ్లున్నాయి గదా, బయటికి చూస్తే చాలదూ?" అన్నాను.

"మబ్బులో ఏం కనిపిస్తుంది బాబాయ్?" అంది.

నిజమే. మబ్బులో దూరినప్పుడు చెవిలోపలి సమతూక జ్ఞానం మనిషిని మోసగిస్తుంది. విమానం మెల్లగా ఒరిగి చుట్టు తిరుగుతున్నా తిన్నగా పోతున్నట్టే ఉంటుంది. 1954లో అమెరికాలోని ఇల్లినాయిస్ విశ్వవిద్యాలయంవారు, పరికరాలు చూసి నడపడం రాని 20 మందికి బయటి దృశ్యం కనపడకుండా చేసి పరీక్షించారు. 20 మందీ అదుపు తప్పారు. సగటున పట్టిన కాలం 178 సెకన్లు!

అయితే తెరను నమ్మాలన్నమాట. అంతేనా? అంతే అయితే మా వదినకు జవాబు దొరికినట్టే. కాని కథ అక్కడ ఆగలేదు.

అమెరికా రవాణా భద్రతా బోర్డువారు 2002 నుంచి 2006 వరకు తయారైన చిన్న విమానాలను పోల్చి 2010లో ఒక నివేదిక ఇచ్చారు. గాజు తెరలున్నవాటిలో మొత్తం ప్రమాదాల రేటు తక్కువే. ప్రాణాలు పోయే ప్రమాదాల రేటు మాత్రం ఎక్కువ. రెండు రకాల విమానాల వాడుకలో తేడాలున్న మాట నిజమే. అయినా ఈ తెరలకు ప్రత్యేకమైన శిక్షణ కావాలని బోర్డు గట్టిగా చెప్పింది.

కారణం ఆలోచిస్తే కష్టమేమీ కాదు. తెరమీది అంకె అచ్చు వేసినట్టు ఉంటుంది. అచ్చయినదాన్ని శంకించడం మనకు అలవాటు లేదు. ఆ వేగం కొలిచేది రెక్కకింద ఉన్న ఒక చిన్న గొట్టం. అందులో కందిరీగ మట్టిగూడు కట్టిందా, తెర తప్పుడు అంకెనే ముచ్చటగా చూపిస్తుంది. ఎత్తు కొలిచేది గాలి ఒత్తిడి. ఆ ప్రాంతపు ఒత్తిడిని పైలటు సరిగా అమర్చకపోతే, ఒక్కొక్క హెక్టోపాస్కల్ తేడాకు సుమారు 30 అడుగుల అబద్ధం. సమాచారం అందలేదని యంత్రానికే తెలిస్తే ఆ పట్టీమీద ఎర్రని కొట్టివేత గుర్తు పెడుతుంది. "నాకు తెలియదు" అని ఒప్పుకునే ఆ ఎర్ర గుర్తు నాకెంతో నచ్చింది. కాని గొట్టం మూసుకున్న సంగతి యంత్రానికి తెలియదే! పక్కనున్న అదనపు వేగమీటరుకు కూడా ఆ గొట్టమే ఆధారం. ఒకడి మాటే ఇద్దరు చెబితే ఇద్దరు సాక్షులవుతారా?

"మరి ఎలాగమ్మా?"

"ముక్కు దిక్చక్రం మీదే ఉంది. ఇంజను శక్తి మార్చలేదు. ఎత్తు తగ్గలేదు. వేగం మాత్రం పడిపోతోందంటే, ఆ అంకె మిగతావాటితో కలవడంలేదన్నమాట. దాన్ని పక్కనపెట్టి, ముక్కునూ ఇంజను శక్తినీ చూసుకుంటూ నడపాలి" అంది.

ఇది అన్వయం కాక మరేమిటి? అంకెలు చదవడం ప్రతిపదార్థం మాత్రమే. ఒకదానితో ఒకటి పొసగేటట్టు చదివి, పొసగనిదాన్ని వెంటనే గుర్తించడం అసలు విద్య. శిక్షకుడు తెరలో ఒక భాగం మూసేసి, మిగతాదాంతో నడపమంటాడట. అటువంటి గురువు చేతిలో ఉన్నందుకు సంతోషించాను.

వదినతో ఉన్నదున్నట్టు చెప్పాను. "బొమ్మను నమ్ముకుంటే చాలదు వదినా, చదవాలి. ఒకచోటనే కన్ను నిలపకుండా, దిగేదాకా చదువుతూనే ఉండాలి. పిల్ల అదే నేర్చుకుంటున్నది. అంతకుమించి మాట ఇవ్వలేను."

ఆవిడ కొంచెంసేపు మాట్లాడలేదు. తరువాత లోపలికి చూసి, "అంతసేపు కళ్లు అప్పగించి కూర్చునే చదువైతే, రాత్రిళ్లు ఆ మేలుకోవడమేమిటే? లేచి పడుకో!" అని కేకవేసింది.

విమాన శాస్త్రంలో అదికూడా ఒక సూత్రమేనట, అమ్మాయే ఒప్పుకుంది.