చుక్క పెట్టి, చుక్క పెట్టి...

మన తెలుగు వాక్యానికి ఒక సుఖం ఉంది. "వదిన లేచింది. వదిన వాకిలి ఊడ్చింది. వదిన ముగ్గేసింది" అని ఎవరూ అనం. "వదిన లేచి, వాకిలి ఊడ్చి, ముగ్గేసి, పాలు కాచింది" అంటాం. కర్త పేరు ఒక్కసారే! పనులు మాత్రం గొలుసుకట్టుగా సాగిపోతాయి. వ్యాకరణంలో ఈ 'లేచి', 'ఊడ్చి'లను క్త్వార్థకాలంటారు.

సంక్రాంతికి కారంచేడు వెళ్ళినప్పుడు మా మేనకోడలు లాప్‌టాప్‌లో ఇదే చూపించింది. హైదరాబాదులో ప్రోగ్రాములు రాస్తుంది లెండి. తెరమీద ఒక పేరు, చుక్క, ఒక పని, మళ్ళీ చుక్క, ఇంకో పని. "మెథడ్ చైనింగ్ అత్తా" అంది.

బి.ఏ. తెలుగు చదివినదానికి అర్థమవుతుందా అనుకున్నాను గానీ, బాగానే చెప్పింది. జావాలో స్ట్రింగ్‌బిల్డర్ అని ఒక ఆబ్జెక్టు ఉందట. 'అపెండ్' అంటే, ఇచ్చిన మాటను తనలో చేర్చుకుని, మళ్ళీ తననే మన చేతికి ఇస్తుంది. కనకే వెంటనే చుక్క పెట్టి ఇంకో మాట చేర్చమనొచ్చు. పని చివర 'రిటర్న్ దిస్' అని ఉండటమే కిటుకంతా. ఏమీ తిరిగివ్వని పనులూ ఉంటాయి, వాటిని 'వాయిడ్' అంటారు. వాటి తర్వాత చుక్క పెడితే యంత్రం ఒప్పుకోదు. ఇలా వాక్యంలా చదువుకునేట్టు రాయడానికి 2005లో మార్టిన్ ఫౌలర్, ఎరిక్ ఎవాన్స్ అనేవాళ్ళు 'ఫ్లూయెంట్ ఇంటర్‌ఫేస్' అని పేరు పెట్టారట. ధారాళంగా సాగేదన్నమాట.

"గొలుసు మరీ పొడుగైతే?" అన్నాను.

"తంటానే. నడుమ ఏదైనా చెడితే, ఏ పనిలో చెడిందో తెలుసుకోవడం కష్టం. అందుకే ఒకచోట ఆపి, అప్పటిదాకా వచ్చినదానికి ఒక పేరు పెట్టుకుంటాం."

అరిసెల పళ్ళెంతో వచ్చిన వదిన అక్కడే నిలబడిపోయింది. పెళ్ళికి ముందు వదిన కథలు రాసేది. ఆ నోటుబుక్కు ఇప్పటికీ బీరువాలో చీరల కిందే ఉంది. తెల్లవారి పాలతో మొదలైన గొలుసు రాత్రి పెరుగు తోడెయ్యడంతో గాని ఆగదు. ఇన్ని పనుల్లో ఒక్కటీ ఆవిణ్ణి ఆవిడకి తిరిగిచ్చింది లేదు. అన్నీ వాయిడ్లే! ఆ యంత్రమైతే మొదటి చుక్క దగ్గరే మొరాయించేది.

"మధ్యాహ్నం రెండింటికి నువ్వూ గొలుసు ఆపి, ఆ గంటకో పేరు పెట్టుకో వదినా" అన్నాను.

"ఏం పేరు పెట్టను?" అంది వదిన నవ్వుతూ.

"నీ పేరే పెట్టుకోమ్మా" అంది కూతురు.