కొండ నడిచి సముద్రంలోకి

పిల్లలూ, జపానులో కోబే అనే నగరం ఉంది. వెనక కొండలు, ముందు సముద్రం. రేవు పెంచుదామంటే చోటు లేదు! అందుచేత 1966 నుంచి కొండలను తవ్వి, ఆ మట్టిని కదిలే బెల్టుల మీద ఒడ్డుకు చేర్చి, పడవల కెత్తి ఒసాకా అఖాతంలో పోశారు. 1981 నాటికి ‘పోర్ట్ ఐలండ్’ అనే దీవి తయారయింది. కొండ తవ్విన చోట ఇళ్ళు కూడా కట్టుకున్నారు, చూశారా!

నేను డ్రైవరు లేని రైలెక్కి అక్కడ దిగి, మొదటి అడుగు మెల్లిగా వేశాను. నవ్వకండి. 1995 జనవరి 17న భూకంపం వచ్చినప్పుడు ఆ దీవి రోడ్ల మీద బురద పొంగింది. రేవు గోడలు సముద్రం వైపు జరిగాయి.

ఎందుకో తెలుసా? ఒక గిన్నెలో ఇసుక పోసి, నీళ్ళతో బాగా తడిపి, పైన బరువైన ఇనప గోళీ పెట్టండి. గిన్నె అంచును కొడుతూ ఉండండి. గోళీ కుంగుతుంది. అదిరినప్పుడు ఇసుక రేణువుల పట్టు సడలి, వాటి బరువును నీరు మొయ్యవలసి వస్తుంది. నేల కాస్తా జావ అవుతుంది.

కాని, ముందే మట్టిని కూరి గట్టిచేసిన చోట్లకు దెబ్బ తక్కువే తగిలింది.

పైకి రెండూ ఒకేలా ఉన్నాయి. నా పక్కనే ఒక కుర్రవాడు బంతి ఎగరేస్తూ గెంతుతున్నాడు. నేను వాడి కాళ్ళకేసే చూస్తూ నిలబడ్డాను.