తెరమీది మేష్టారు

ఫోనులో ఫిజియోథెరపీ పాఠమేమిటని మొదట నవ్వినవాణ్ణి నేనే. ఉత్తరాలమీద ఈత నేర్చుకున్నట్లుంటుందని ఇంట్లో అంటూ వుండేవాణ్ణి. కీలు పట్టుకుని చూస్తేగాని తెలియని విద్య కదా అది!

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి కాలేజీలు మూతపడ్డాయి. రెండేళ్ల ఎం.పి.టి. చదువుతున్న మా అమ్మాయి పుస్తకాల పెట్టెతో నల్గొండ వచ్చేసింది. ప్రతి శనివారం సాయంత్రం హైదరాబాదునుంచి వాళ్ల ప్రొఫెసరుగారు వీడియోలో కనిపించేవారు. సిగ్నలు సరిగా అందేది మా డాబామీద, నీళ్లట్యాంకు పక్కన మాత్రమే. ఇంట్లో ఎవరినో ఒకరిని పరీక్షచేసి, చూసింది చూసినట్లు చెప్పాలి; ఆయన ప్రశ్నలు వేస్తారు. నా మోకాళ్లు రెండు శనివారాల్లో అయిపోయాయి. ముసలితనం తప్ప వాటిలో విశేషమేమీ దొరకలేదట.

ఆంక్షలు సడలాక మా అక్కయ్య వచ్చింది. మర్రిగూడ వైపు పల్లెలో కాపురం. నలభై ఏళ్లు అక్కడి బోరునీళ్లే తాగింది. మెడ తిరగదు; పక్కమనిషిని చూడాలంటే ఒళ్లంతా తిప్పాలి.

"కోడలా, నీ సదువుతోని నా మెడ జర ఇడిపియ్యి" అన్నది.

అమ్మాయి సంబరపడింది. రెండు రోజులు కాపడంపెట్టి, మెల్లగా మెడ వంచుతూ వచ్చింది. ఇంకాస్త గట్టిగా చేయవచ్చునా అని శనివారం అడుగుదామనుకున్నది.

అక్కయ్యను ఇద్దరం పట్టుకుని డాబా ఎక్కించాం. మెట్ల దగ్గరనుంచి కుర్చీదాకా ఆమె నడిచిరావడం ప్రొఫెసరుగారు తెరమీద చూశారు.

"మెడ సంగతి తర్వాత. కాళ్లు ఎప్పటినుంచి ఇట్లా బిగుసుకుంటున్నాయమ్మా?"

"ఏడాదాయె సారూ. నడుస్తుంటె చెప్పు జారిపోయినా తెలుస్తలేదు."

ఏ వూరు, ఏ నీళ్లు అని అడిగారాయన. పాదాన్ని చటుక్కున పైకి నెట్టి పట్టుకోమన్నారు. అమ్మాయి పట్టుకుంది. పాదం దానంతటదే కుట్టుమిషనులాగా టకటక కొట్టుకున్నది. క్లోనస్ అంటారట దాన్ని.

"మెడమీద చెయ్యి వెయ్యకు. రేపే న్యూరాలజీ డాక్టరుకు చూపించండి" అన్నారు.

మా జిల్లా ఫ్లోరోసిస్ గురించి 1955లోనే డాక్టర్ సిద్దీఖీ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్రాశారు. లీటరు నీటిలో ఫ్లోరైడు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించరాదంటారు. మించిన నీళ్లు ఏళ్లతరబడి తాగితే ఎముక మందమవుతుంది, కీళ్లచుట్టూ వుండే పట్టీలు గట్టిపడతాయి, వెన్నులోని దారి ఇరుకై లోపలి నరాన్ని నొక్కుతుంది. అటువంటి మెడను బలంగా తిప్పితే కాలూ చేయీ పడిపోవచ్చు. తరువాత మిషన్ భగీరథ నీళ్లు వచ్చాయిగాని, ఎముకల్లో చేరినది అంత త్వరగా వదులుతుందా!

ఆ రాత్రి అమ్మాయి అన్నం ముట్టలేదు. "నాయినా, నా చేతులతోనే..." అని ఆగిపోయింది. తొమ్మిదింటికి ప్రొఫెసరుగారు మళ్లీ ఫోనుచేశారు. కోప్పడలేదు. మొదటి రోజు ఏమేమి చూశావు, నడక ఎందుకు చూడలేదు, ఏది ముందు చూడవలసింది—అన్నీ కాగితంమీద వ్రాయించి, చదివించుకున్నారు. పదకొండయింది. తరువాత అమ్మాయి లేచి చల్లారిన అన్నమే తిన్నది.

హైదరాబాదులో స్కానింగు, ఆపరేషను అయ్యాయి. మెడ ఇప్పటికీ తిరగదు. కాళ్ల బిగువు కొంత తగ్గింది. మూడు నెలలు అమ్మాయి నడిపించింది. ప్రతి శనివారం ఆయన చూశారు.

ఒకనాడు సిగ్నలుకోసం అమ్మాయి ఒక్కతే డాబా ఎక్కుతుంటే అక్కయ్య గోడ పట్టుకుని మొదటి మెట్టుమీద కాలుపెట్టింది.

"తమ్మీ, నువ్వు పట్టుకోకు. ఎనక నిలబడు, చాలు" అన్నది.