నాబ్‌కు పేరు పెట్టండి

చూపులేని కళాకారుల గొంతు విని మురిసిపోతాం. ఆ పాటను వాళ్లే రికార్డు చేసి మిక్స్ చేసుకోవాలంటే మాత్రం సాఫ్ట్‌వేరే అడ్డం. ఆ సాఫ్ట్‌వేర్‌కు జోడించుకునే చాలా ప్లగిన్‌లలో నాబ్‌లు ఉత్త బొమ్మలు; తెర మీద ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు వాటి పేరూ అందదు, విలువా అందదు.

దారి లేక కాదు. ఆస్ట్రేలియాలో 2006లో మైఖేల్ కరన్ ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్ మొదలుపెట్టాడు. ఆ పనిలో తోడైన జేమ్స్ టే తర్వాత రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ కోసం, అది స్క్రీన్ రీడర్‌తో పనిచేసేలా, ఒసారా రాశాడు. ఇద్దరూ చూపులేనివాళ్లే. ఒసారా కూడా ఉచితమే. ఏ ట్రాక్ మీద ఉన్నామో, వాల్యూమ్ ఎంతుందో, శబ్దం ఎక్కడ హద్దు దాటిందో చెప్తుంది. మౌస్ అక్కర్లేదు, కీబోర్డు చాలు. ఎంత గొప్ప పని!

ప్లగిన్‌లు తయారుచేసే మిత్రులారా, ప్రతి నాబ్‌కూ స్క్రీన్ రీడర్ చదవగలిగే పేరు పెట్టండి, దాన్ని కీబోర్డుతో తిప్పనివ్వండి. దయచేసి మొదటి వెర్షన్‌లోనే.