కోరంగి మడ అడవిలో ఒక పగలు

ఒకప్పుడు రంగూనులో తెలుగువాడు కనిపిస్తే “కొరంగీ” అనేవారు. అతడు శ్రీకాకుళం వాడైనా, నరసాపురం వాడైనా సరే, బర్మావారికి అందరూ కొరంగీలే. ఓడ ఎక్కిన రేవు పేరే మనిషికి ఇంటిపేరయి కూర్చున్నది. సముద్రానికి ఆవలి ఒడ్డున అంతగా పేరు మోగిన ఆ రేవు ఇప్పుడెలా ఉన్నదో చూడాలని నాకు చాలాకాలంగా కోరిక. మాఘమాసంలో ఒక ఆదివారం, కాకినాడలో ఉంటున్న మిత్రుడొకరు తోడు రాగా, పొద్దున్నే బయలుదేరాను.

కాకినాడ నుంచి యానాం పోయే రోడ్డు మీద, దక్షిణంగా 20 కిలోమీటర్ల లోపే కోరంగి. దారిలో చొల్లంగి తగులుతుంది. గోదావరి పాయ తుల్యభాగ సాగరంలో కలిసే చోటు అది. పుష్య బహుళ అమావాస్య నాడు అక్కడ స్నానానికి జనం తీర్థంలా వస్తారు. సప్తసాగర యాత్ర చేసేవారికి మొదటి మునక చొల్లంగిలో. ఆత్రేయ పాయకు రెండో మునక కోరంగిలో. మేము వెళ్ళేసరికి తీర్థం సందడి ఎప్పుడో అణగిపోయి, రోడ్డు పక్కన కొబ్బరిబొండాల బండి ఒక్కటే మిగిలి ఉన్నది.

కోరంగి దగ్గర రోడ్డు దిగి లోపలికి నడిస్తే ఓడరేవు కనబడదు, అడవి కనబడుతుంది. 1978లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్లకు పైమాటే. అడవి అనగానే మనకు కొండలూ లోయలూ గుర్తుకు వస్తాయి. ఇక్కడ గులకరాయి కూడా లేదు. ఉన్నదల్లా బురద. ఆ బురదలో అడుగు వేయనక్కరలేకుండా చెట్ల నడుమ గుంజలు పాతి చెక్కల వంతెన కట్టారు. దాని మీద తాపీగా నడుస్తూ పోవచ్చును.

మేము వెళ్ళినది పాటు వేళ. నీరు తీసినచోట బురదలోంచి పెన్సిళ్ళు గుచ్చినట్టు వేలకొద్దీ వేళ్ళు పైకి నిలబడి ఉన్నవి. అవి మడచెట్టు ముక్కులన్నమాట! బురదలో గాలి ఆడదు గనుక ఈ చెట్టు వేళ్ళను పైకి పంపి ఊపిరి తీసుకుంటుంది. ఉప్పునీరు తాగి బతకడమెలాగన్న ప్రశ్నకూ దాని దగ్గర జవాబు ఉన్నది. మిత్రుడు ఒక ఆకు చేతికిచ్చి, “నాలిక మీద పెట్టి చూడవోయ్” అన్నాడు. చూశాను. పచ్చి ఉప్పు! తాగిన నీటిలోని ఉప్పును ఆకుల మీదుగా బయటికి నెట్టేస్తుందట. పొన్నచెట్టు తీరు ఇంకొకటి. దాని వేళ్ళు కొయ్యకాళ్ళలాగా మాను మధ్యనుంచే వంగి బురదలో దిగుతాయి. గింజ చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, బారెడు మొలకై వేలాడి, అదను చూసి కిందికి దిగుతుంది. పిల్లను పెంచి పెద్దచేసి గాని అత్తవారింటికి పంపని తల్లిలాంటిది. తిల్లచెట్టును మాత్రం ముట్టుకోవద్దని అక్కడివారు హెచ్చరించారు. దాని పాలు కంట్లో పడితే చూపుకే ముప్పట.

వంతెన కింద మరో లోకం. కాళ్ళున్నట్టు బురద మీద గెంతుతూ పోయే చేపలు. ఒక డెక్క చిన్నదీ ఒక డెక్క ఒంటికి మించినదీ ఉన్న మగపీతలు, ఎవరినో రమ్మన్నట్టు ఆ పెద్ద డెక్కను ఆడిస్తూ. మనిషి నీడ పడగానే అన్నీ బొరియల్లో మాయం. ఈ అడవిలో నీటికుక్కలూ, చేపలు పట్టి తినే బావురుపిల్లీ ఉన్నవి. పిల్లి రాత్రి తిరిగే జంతువు. మాకు దాని దర్శనం కాలేదు. లకుముకి పిట్టలూ నారాయణపక్షులూ మాత్రం కావలసినన్ని.

మధ్యాహ్నానికి పోటు తిరిగింది. కాలువలో నీరు నిండగానే పడవ ఎక్కాము. నడిపేవాడు అరవై దాటిన మనిషి. మాట కలపగానే, “మా ముత్తాత ఓడ మీద కళాసీ అండి. రంగూను ఎల్లినోడు మళ్ళీ రాలేదంట” అన్నాడు. ఇరుపక్కలా మడచెట్లు మీదికి వంగుతుండగా పడవ సాగింది. “ఓడలు నిలిచిన చోటేది?” అని అడిగాను. అతడు చెయ్యి చాచి చుట్టూ తిప్పాడు.

“అంతా ఇదేనండి. ఓడలు పోయాయి, చెట్లొచ్చాయి.”

అతడన్నది చరిత్రే. డచ్చివారూ, ఫ్రెంచివారూ, ఇంగ్లీషువారూ వ్యాపారం చేసిన రేవు ఇది. ఓడలు కట్టడానికీ, పాడైనవాటిని బాగుచెయ్యడానికీ పేరెక్కినది. 1789 డిసెంబరులో తుపాను వచ్చి, ఒకదాని వెనుక ఒకటిగా మూడు మహాతరంగాలు ఊరి మీద పడ్డాయి. చనిపోయినవారు 20,000 అని పాత గ్రంథాలు చెబుతాయి. బతికినవారు మళ్ళీ కట్టుకున్నారు. 1839 నవంబరు 25న మరో ఉప్పెన వచ్చి ఊరిని ఊడ్చిపెట్టింది. ఈలోగా గోదావరి తెచ్చిపోసిన ఒండ్రు రేవునూ పూడ్చింది. వర్తకం కాకినాడకు తరలిపోయింది. బంగాళాఖాతపు గాలివానలను పరిశీలించిన కలకత్తా వాసి హెన్రీ పిడింగ్టన్ 1848లో “సైక్లోన్” అనే మాటను వాడుకలో పెట్టాడు. ఆ మాట పుట్టకముందే దాని అర్థం కోరంగి ప్రజలకు రెండుసార్లు తెలిసింది.

చిత్రమేమిటంటే, రేవును చంపిన ఒండ్రే ఈ అడవికి ప్రాణం పోసింది. సముద్రం మీదికి వస్తే మొదట అడ్డు నిలిచేవి ఈ చెట్లే. పడవవాడు 1996 నవంబరు 6 రాత్రి సంగతి చెప్పాడు. ఆ తుపానులో ఈ ప్రాంతంలో వెయ్యిమందికి పైగా పోయారు.

“యేటకెల్లినోల్లు శానామంది తిరిగి రాలేదండి. నడిసముద్రంలో ఉన్నోల్లని ఎవరు కాపాడతారు? ఒడ్డునున్న మా గుమ్మం దాకా కెరటం రాలేదంటే, ఆయ్, ఈ చెట్ల చలవేనండి.”

అయినా ఈ చెట్లను మనం బతకనిస్తున్నామా? ఒకప్పుడు వంటచెరకు కోసం నరికారు. 1990 తర్వాత డెల్టాలో రొయ్యల చెరువుల జోరు వచ్చింది. చెరువు తవ్వినవాడికి నాలుగేళ్ళలో నాలుగు రాళ్ళు మిగలవచ్చును. కాని సముద్రపు రొయ్యపిల్లకూ, మండపీతకూ ఈ మడ కాలువలే ఉయ్యాల. అవి పోతే వల వేసుకుని బతికేవాడి కూడు పోతుంది. అదృష్టవశాత్తూ బాగుచేసే ప్రయత్నమూ జరిగింది. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీశాఖ, ఊళ్ళవాళ్ళు కలిసి, చెట్లు చచ్చి చవుడు తేలిన నేలలో చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వారు. వాటిగుండా పోటునీరు పారించి మొక్కలు నాటారు. నీరు ఆడినచోట మడ మళ్ళీ లేచింది.

చూడబోయేవారికి ఒకటి రెండు మాటలు. చలికాలం మంచిది, వలస పక్షులు కూడా అప్పుడే వస్తాయి. పడవ కదలడం పోటుపాట్ల మీద ఆధారపడి ఉంటుంది గనుక తీరిక చేసుకుని వెళ్ళండి. తాగే నీరు వెంట తీసుకుపొండి. ఖాళీ సీసాను మాత్రం మళ్ళీ ఇంటికి తెచ్చుకోండి. పాటు వేళ ఆ ఊపిరి వేళ్ళ మధ్య చిక్కుకున్న ప్లాస్టిక్ సంచులను చూసినప్పుడు, ఎవరో మన గొంతే నొక్కినట్టు అనిపించింది.